మెత్త మీది రాణి

నా మొగుడు ఓదెలు మస్కట్ పోయిన రెండో ఏడు, సెలవు మీద వచ్చిన కోరుట్ల జలపతి చేత దిండుకు తొడిగే మెత్త గలీబు ఒకటి నాకు పంపాడు. పట్టులా జారే బట్ట, చుట్టూ బంగారు రంగు కుచ్చులు. మధ్యలో ఒక ఆడమనిషి బొమ్మ అచ్చు. తల మీద కిరీటం, మెడ నిండా పూసల దండలు, మనిషి మాత్రం కారునలుపు. ఎప్పుడో ఆఫ్రికాలో ఏలిన రాణి అట.

"సూడంగనే నువ్వే యాదికొచ్చినవట వదినా. గందుకే కొన్నడు," అన్నాడు జలపతి చాయ్ తాగుతూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా రంగు నాకు తెలియదా? పెళ్ళిచూపులనాడు మా అత్త మొగిలవ్వ నా ముందరే "పిల్ల నలుపు" అని మూతి తిప్పింది. పుట్టిల్లు చందుర్తి నుంచి అత్తారి ఇబ్రహీంపట్నం దాకా ఆ మాట మోసుకొచ్చాను. ఒక్క ఓదెలే ఏనాడూ అనలేదు. ఇప్పుడు సముద్రం దాటి, పనిగట్టుకొని కొని మరీ అన్నాడు. ఆయనకూ నేను అలాగే కనబడితే ఇక ఈ ఇంట్లో నాకెవరున్నట్టు?

మా అత్త మాత్రం ముచ్చటగా గలీబులో బూరుగు దూది కూరి కుర్చీలో పెట్టింది. నేను దాన్ని బోర్లా తిప్పి పాత చీర కప్పాను. ఆమె తీసేది, నేను కప్పేదాన్ని.

ఊళ్ళోకి నక్సలైట్ అన్నలు వచ్చిపోయారని తెలిస్తే చాలు, వెనకాలే పోలీసులు దిగే రోజులవి. ఇంట్లో ఎవరి ఫొటో ఉన్నా జవాబు చెప్పాలి. పక్క వాడలో వెంకటేశాన్ని అలాగే జీపెక్కించుకుపోయారు, ఇంకా తిరిగి రాలేదు. ఒక పొద్దున ఎస్సై ఇల్లిల్లూ వెతుకుతూ మా ఇంట్లోకీ వచ్చాడు. కుర్చీలో కప్పిన చీర లాగాడు, మెత్త తిప్పాడు.

"ఎవరే ఈమె? ఎందుకు దాచినవ్? దళంల ఉంటదా?"

కిరీటం పెట్టుకొని అడవిలో తిరుగుతుందా అని నోటిదాకా వచ్చింది. తుపాకీ చూసి మింగేశాను. ఆఫ్రికా రాణి అంటే నమ్ముతాడా? మొగుడి మీద అలిగి కప్పానంటే ఊరుకుంటాడా?

పెరట్లో బోళ్ళు తోముతున్న మా అత్త మసి చేతులతోనే వచ్చి నా ముందు నిలబడింది.

"నా కోడలు సారూ!"

ఎస్సై నన్ను చూశాడు, మెత్తను చూశాడు. "మరి కిరీటమేందే ముసల్దానా?"

"మస్కట్ల స్టూడియోల పెడ్తరట. నా కొడుకు దీని ఫొటో తీస్కపోయి అచ్చేపిచ్చిండు."

"కప్పిపెట్టిర్రెందుకు?"

"అచ్చేటోళ్ళు పోయేటోళ్ళు అందరు సూడవట్టిరి. నా కోడలికి దిష్టి తాకదా?"

వెనక కానిస్టేబుల్ ఫక్కున నవ్వాడు. ఎస్సై మెత్తను పిసికి చూసి, కుర్చీలోకి విసిరేసి వెళ్ళిపోయాడు.

జీపు చప్పుడు దూరమయ్యాక మా అత్త గోడకు చేరగిలబడింది. నీళ్ళిచ్చి పక్కనే కూర్చున్నాను.

"ఎంత అబద్ధమాడినవ్ అత్తా!"

"ఫొటో అన్నదొక్కటే అబద్ధం. పెండ్లిసూపుల నుంచి అచ్చేటప్పుడు తొవ్వ పొడుగు ఓదెలు నాతోని మాట్లాడలె. ఇంటికొచ్చినంక అన్నడు, 'అవ్వా, నువ్వు గంత మాటన్నా ఆ పిల్ల తల దించలె. రాణి లెక్క నిలబడ్డది. నాకు గామెనే గావాలె' అని. మెత్త జూడంగనే నాకు గా మాటనే యాదికొచ్చింది. గందుకే నువ్వు కప్పితే నేను తీసిన."

నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఓదెలు ఎదురుగా ఉంటే అత్త ఉందని కూడా చూడకుండా వాటేసుకునేదాన్ని.

"మరి ఇన్నొద్దులు నాకు చెప్పకపోతివి?" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

అత్త చెంబు కింద పెట్టింది. నా ముఖం వైపు చూడలేదు.

"వాడన్న మాట చెప్పాల్నంటే, నేనన్న మాట గుడ మల్ల నీ ముందట అనాలె గద బిడ్డా. నోరు రాలె."