వ్యాన్‌లో మిగిలిన చోటు

"నీళ్లు తుప్పు వాసనొస్తున్నాయని నీ మొగుడికి చెప్పు," అంది మా అమ్మ, నేను ట్రక్కు మీది పీపాలోంచి డబ్బాలు నింపి ఆమె గుమ్మంలో దించుతుంటే. నీళ్లు తెచ్చింది నేను. ఫిర్యాదు అతని మీద. దాన్ని మోసుకెళ్లవలసింది మళ్లీ నేనే.

అమెరికా ఆదివాసులం, మా నవాహోలలో అత్తా అల్లుడూ ఒకరినొకరు చూడకూడదు. చూస్తే కళ్లు పోతాయంటారు. అందుకే అమ్మ శాలువా కొసకు చిన్న గంట కట్టుకుంటుంది. అది వినబడగానే నా మొగుడు హార్లన్ పక్కకు తప్పుకుంటాడు. ఈ నియమం తప్పినందుకు కళ్లు పోయినవారిని నేనింతవరకు చూడలేదు. పాటించినందుకు నా నోరు అరిగిపోవడం మాత్రం రోజూ చూస్తున్నాను. "ఆ మాత్రల మారాజు నిద్ర లేచాడా?" "నా నిద్ర సంగతి ముసల్దానికెందుకో కనుక్కో." ఇద్దరి విషమూ నా నాలుక మీదుగానే వెళుతుంది. దానికి కాస్త తీపి కలిపి అందించే పని కూడా నాదే.

హార్లన్ నొప్పి మరిపించే నీలం మత్తుమాత్రలకు బానిస అని లోయంతటికీ తెలుసు, ఎందుకంటే అతను మత్తెక్కువై పడిపోతాడు. నేను పడిపోను. డబ్బాలు మోసి నా నడుము పట్టేసిన రోజు, "సగం వేసుకో, పోతుంది," అని మాత్ర విరిచి ఇచ్చింది అతనే. సగం ఒకటయింది, ఒకటి రెండయింది. అయినా రొట్టెలు కాలాయి, గొర్రెలు దొడ్డి చేరాయి, పిల్లలు బడి బస్సెక్కారు. పనులన్నీ జరిగిపోతున్న ఇంట్లో ఆడదాని జబ్బు ఎవరికి కనబడుతుంది? ఒకసారి చికిత్స మాట ఎత్తితే అతను నవ్వాడు. "నువ్వా? పేరు రాయించుకున్నావంటే పిల్లల్ని ఎత్తుకుపోతారు. ముందు నన్ను బాగుపడనీ."

ఇదివరకు చికిత్సకు పట్నం దాకా పోవలసి వచ్చేది. ఇప్పుడు ప్రతి గురువారం ఊరి సభ జరిగే భవనం ముందుకే వ్యాన్ వస్తోంది; మాత్రల యావ తగ్గడానికి నాలుక కింద కరిగే మందు ఇస్తారు. ఆ గురువారం కొత్తవాళ్లకు ఒక్క చోటే మిగిలింది. మళ్లీ కొత్తవాళ్లను చేర్చుకునేది వచ్చే నెలే. హార్లన్ ట్రక్కులో కూర్చున్నాడు. అల్లుడు నిజంగా చేరతాడో లేదో తేల్చుకోవాలని అమ్మ ముందే వచ్చి, వ్యాన్ తలుపు పక్కన బల్ల మీద తిష్ఠ వేసింది.

"ఆమెను పొమ్మను, దిగుతాను," అన్నాడు హార్లన్.

"వాడు చేరాడని నర్సు చెబితేనే లేస్తా. నేనటు పోగానే ఇటు జారుకుంటాడు," అంది అమ్మ.

"కళ్లు పోతే మాత్రలు ఎట్లా వెతుక్కోవాలో అడుగు," అని తన జోకుకు తానే నవ్వుకున్నాడు.

"ఉన్న కళ్లతో ఏం ఊడబొడిచాడో అడుగు!"

ఎండలో ఆ ట్రక్కుకీ ఈ బల్లకీ మధ్య తిరుగుతున్నాను. పొద్దుటి నుంచి మాత్ర పడక ముక్కు కారుతోంది, ఎముకలు లాగుతున్నాయి. ఇద్దరిలో ఒక్కరూ నా ముఖం వంక చూడలేదు. నన్ను చూస్తే కళ్లు పోతాయని ఎవరూ చెప్పలేదే!

నర్సు జెరాల్డీన్ తలుపు తీసింది. "చెల్లీ, సర్దేస్తున్నాం. ఎవరైనా ఎక్కుతారా?"

వచ్చే నెల దాకా అతను బతికుంటాడో లేదో నాకు తెలియదు. ఆ ఆలోచన నుంచి తప్పించుకోలేదు. దానిని చివరిదాకా ఆలోచించాను. అతను పడిపోయినప్పుడల్లా ముక్కులో విరుగుడు మందు కొట్టి లేపడానికి నేనున్నాను. నేను పడితే ఎవరున్నారు?

మెట్లెక్కాను. "నాకు పిల్లలున్నారు. తీసుకుపోతారా?"

"మందుకొచ్చినందుకా? అట్లా ఎవరు చెప్పారు నీకు?"

వెనక్కి తిరిగి ట్రక్కు వంక చూశాను. అతని అబద్ధాన్ని అక్కడే వదిలేసి లోపలికి అడుగుపెట్టాను.

"పేషెంటు పేరు?"

"లొరిండా మెనీగోట్స్. నేనే."

ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది, తర్వాత కుర్చీ చూపించింది. బయట ట్రక్కు హారన్ మోగింది. "వాణ్ణి దిగమని చెప్పవే!" అని అమ్మ అరుస్తోంది.

"నిన్నే పిలుస్తున్నారు. ఏం చెప్పమంటావు?" అంది జెరాల్డీన్.

"ఏమీ వద్దక్కా. తలుపు వెయ్యి."