దుర్యోధనుడి పళ్ళు

వడమాలపేట చుట్టుపట్ల పల్లెల్లో ఎక్కడ భారతం జరిగినా దుర్యోధనుడు మునిచంద్రే. పగలు హరికథ, రాత్రి నాటకం, ఇట్లా పద్దెనిమిది రోజులు సాగాక ఆఖరి రోజు పొద్దున ధర్మరాజుల గుడి ముందర మైదానంలో కొండంత మట్టి దుర్యోధనుణ్ణి పడుకోబెడతారు. దాని చుట్టూ భీముడూ దుర్యోధనుడూ గదలు పట్టుకుని తిరుగుతారు. జనం వచ్చేది భీముడి కోసం అనుకున్నారా? కానే కాదు. మడుగులో దాక్కున్న రారాజు బయటికొచ్చి ఒక పద్యం ఎత్తుకుంటాడే, దానికోసం. మునిచంద్ర దాన్ని ఎత్తుకున్నాడంటే రోడ్డు మీద పోయే బస్సులో వాళ్ళు తలలు బయటపెట్టి చూసేవాళ్ళు. ఏడాదిలో మిగతా రోజులన్నీ చెరుకు కొట్టీ మామిడికాయలు దించీ కూలి తెచ్చుకునే మనిషికి, ఆ ఒక్క పద్యమే సొంత ఆస్తి.

అటువంటి మనిషికి పళ్ళతో వచ్చింది తంటా. మొదట దవడ పళ్ళు పుచ్చాయి. టౌన్లో సర్కారాసుపత్రికి పోతే సిమెంటు పెట్టే సామాను లేదన్నారు. మళ్ళీ పోతే సామాను వచ్చింది గానీ కుర్చీ చెడిపోయిందన్నారు. ఇంకోసారి పోతే కుర్చీ బాగైంది, డాక్టరు డిప్యుటేషన్ మీద వేరే ఊరికి పోయాడన్నారు. అంతవరకు పన్ను ఊరుకుంటుందా? చెంప వాచి, జ్వరం తగిలి, కూలి పోయి, చివరికి ఆ ఆసుపత్రిలో ఏ రోజు పోయినా దొరికే వైద్యం ఒక్కటే దొరికింది. పీకడం. దానికి మాత్రం ఏనాడూ లోటు చెయ్యలేదు మహానుభావులు! సిమెంటు పెడితే నిలబడాల్సిన పళ్ళన్నీ అట్లా ఒకదాని వెనక ఒకటి బకెట్టులో పడ్డాయి. పైన నాలుగు, కింద నాలుగు, ముందు పళ్ళు మటుకే మిగిలాయి.

ఆయన పెద్దగా దిగులు పడలేదు. రాగిసంగటి ఎట్లాగూ నమిలేది కాదు, మింగేదే. కూర ముక్క ఉంటే భార్య కుప్పమ్మ రోట్లో నలగ్గొట్టి పెట్టేది. పద్యానికి ముందు పళ్ళు చాలు.

అయితే పోయిన ఏడాది భారతంలో, సరిగ్గా ఆ ఆఖరి పద్యంలోనే, పై పన్ను ఒకటి కదిలి నాలుకకు అడ్డం తగిలింది. జనానికి తెలియలేదు. ఎదురుగా గద పట్టుకుని నిలబడ్డ భీముడికి తెలిసిపోయింది. ఆ భీముడు మునస్వామి. జట్టుకు వాధ్యారు కూడా ఆయనే, పద్యాలు నేర్పేదీ వేషాలు పంచేదీ ఆయనే. ముప్పై ఏళ్ళుగా ఒకరి గద ఒకరు కాచుకున్న స్నేహితులు వాళ్ళు. మునస్వామి పొద్దస్తమానం ఆకూవక్కా పొగాకూ నమిలే మనిషి, అయినా పళ్ళు రాళ్ళే. దేవుడికి కళ్ళున్నాయంటే ఎట్లా నమ్మేది?

"ఏమప్పా, పద్యం మధ్యలో గాలి పోయినట్టుండె?" అన్నాడు వేషం విప్పుతూ.

"గొంతు ఆరిపోయిందిలే వాధ్యారా."

"గొంతు గాదు, నాకాడ దాస్తావా? ఏదీ, నోరు సూపీ."

చూశాడు. వేలితో ఆ పన్నును ఒకసారి తాకి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "వచ్చే భారతానికి ఇది నిలబడదు మునిచంద్రా. యాడికన్నా పోయి సూపించుకో."

తిరుపతిలో అద్దాల తలుపుల క్లినిక్కు ఒకటి ఉంటే ధైర్యం చేసి అక్కడికి పోయాడు. కౌంటరులో కూర్చున్న అమ్మాయి కట్టుడు పళ్ళకు ఎంతవుతుందో చెప్పింది. "ఇంకోతూరి సెప్పమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి ఓపిగ్గా ఇంకోసారి చెప్పింది. రెండోసారి కూడా అంతే ఉంది. చెప్పులేసుకుని బయటపడ్డాడు.

మళ్ళీ సర్కారాసుపత్రే గతి. ఈసారి కొత్త లేడీ డాక్టరు ఉంది, చిన్న వయసు. లైటు వేసి చూసి, "కదిలేది తీసేసి, పక్క పళ్ళకు ఆనించి కట్టుడు పన్ను పెట్టాలి పెద్దాయనా. అది మా దగ్గర లేదు" అంది.

"మరి యాడుండాది మేడం?"

"ప్రైవేటులోనే" అని, వరసలో తర్వాతి మనిషిని పిలిచింది.

వరండాలోకి వచ్చి నిలబడితే నర్సు స్టెల్లా వెనకాలే వచ్చింది. జాలి గల మనిషి. "అయ్యా, ఎవురో ట్రస్టోళ్ళు మా ఆసుపత్రి మీద పళ్ళ సెట్లు ఉచితంగా కట్టిస్తా ఉండారు. ఒక్క పన్ను గూడా లేనోళ్ళకే అంట. పైదీ కిందిదీ పూరా సెట్టు. నీకు ఎనిమిదుండాయే, నీకు రాదు" అంది. పాపం, ఊరడింపుగా నాలుగు మాటలు చెబుదామనే చెప్పింది.

బస్సు దిగేలోపల మునిచంద్ర మనసు గట్టి చేసుకున్నాడు. ఇంటికొచ్చి భార్యతో అంటే ఆమె చేట కిందపడేసింది.

"ఉండేటివి పీకించుకోని లేనిదానికోసరం కాసుకోనుంటారా ఎవురైనా? నీకు గాని మతి పోయిందా?"

"ఎనిమిదుంటే ఏమీ ఇయ్యరంట. ఒక్కటీ లేకపోతే ముప్పై రెండూ ఇస్తారంట. నువ్వే సెప్పుమే, యాది లాభం?"

"వాళ్ళు ఇయ్యకపోతే?"

"సర్కారాసుపత్రి మే అది. సంతలో అంగడి గాదు."

ఆ మాట అనగలిగినవాడికి ఇంకేం చెబుతాం? కుప్పమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆయన ఒక్కడే బస్సెక్కాడు.

డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "కదిలేది ఒకటి తీస్తాను. మిగతావి ఇంకా కొన్నేళ్ళు నిలుస్తాయి, వాటినెందుకు?" అంది. ఆ మాట ఒక్కటీ ఆ రోజు ఆయన చెవికెక్కి ఉంటే! చెవికెక్కలేదు. మునిచంద్ర దవడ పట్టుకుని కుర్చీలో మెలికలు తిరిగిపోయాడు. నిద్ర లేదన్నాడు, కూడు దిగడం లేదన్నాడు. ఆమె చిన్న కడ్డీతో ఒక్కో పన్నూ తట్టి చూస్తే, తట్టిన ప్రతి పంటికీ కేక పెట్టాడు. రంగస్థలం మీద తొడ విరిగినా కంట తడి పెట్టని రారాజు, అక్కడ చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. బెంచీ మీద కూర్చున్న రోగులు లేచొచ్చి తలుపు దగ్గర గుమిగూడారు. బయట ఆ వరస, లోపల ఈ ఏడుపు, ఆ పిల్ల మాత్రం ఎంతసేపని ఆగుతుంది? సూది తెమ్మంది.

ఒక్కరోజులో కాదు, వారం వారం పిలిచి తీసింది. ఆఖరి పన్ను ఒక పట్టాన ఊడి రాలేదు. డాక్టరమ్మ నుదుటికి చెమట పట్టింది. తీరా వచ్చాక దాన్ని ట్రేలో పెట్టి, "ఇది గట్టిగానే ఉందే" అని ఆయన ముఖంలోకి చూసింది. మునిచంద్ర నోట్లో దూది కరుచుకుని పైకప్పు చూస్తూ ఉండిపోయాడు. తన బతుకులో అంత బాగా ఏ వేషమూ కట్టలేదని ఆ సాయంత్రం కుప్పమ్మతో నవ్వుతూ చెప్పుకున్నాడు. అప్పటికింకా నవ్వు వచ్చేది.

చిగుళ్ళు మానాక మెత్తటి ముద్దేదో నోట్లో పెట్టి అచ్చు తీశారు. సెట్టు వస్తుంది, కబురు చేస్తాం అన్నారు. ఇంటికొచ్చి చాలా రోజులు సంతోషంగానే ఉన్నాడు. గంజి తాగుతూ, మనసులోనే పద్యం తిప్పుకుంటూ, కొత్త పళ్ళతో ఎక్కడ ఊపిరి ఆపాలో చూసుకునేవాడు.

కబురు రాలేదు. తనే పోయాడు. అచ్చులు ల్యాబు వాళ్ళు ఇంకా తీసుకుపోలేదన్నారు. మళ్ళీ పోతే బుధవారం రమ్మన్నారు. ఏ బుధవారమో చెప్పలేదు. ఇంకోసారి పోయేసరికి లేడీ డాక్టరుకు బదిలీ అయింది, పళ్ళ గదికి తాళం. కిటికీలోంచి తొంగి చూస్తే కుర్చీ మీద దుప్పటి కప్పి ఉంది. బల్ల మీద తెల్లటి సున్నపు దవడలు వరసగా ఉన్నాయి. అందులో తనది ఏదో పోల్చుకుందామని చాలాసేపు చూశాడు. అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి.

స్టెల్లా ఆయన్ను దూరం నుంచి చూసి పక్కకు తప్పుకోబోయింది. తర్వాత మనసొప్పక వచ్చింది. "ఇంక తిరగబాకయ్యా. ట్రస్టోళ్ళు ఇడిసిపెట్టేసినారు. కొత్త డాక్టరు ఎప్పుడొస్తాడో తెలీదు. వచ్చినా ఆ అచ్చు పనికిరాదు, చిగురు అరిగిపోయుంటాది" అని, మళ్ళీ తనే, "ఆ దినం నేను నోరు మూసుకోనుంటే నీ పళ్ళు నీకుండును" అంది.

"నువ్వేం జేస్తివి తల్లీ" అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. రెండోసారి అంటే అర్థమై, కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఇప్పుడాయన మాట అట్లా తయారైంది. బుగ్గలు లోపలికి పోయి, గడ్డం ముక్కు కిందికి వచ్చి, నోట్లోంచి సగం మాట, సగం గాలి వచ్చేది. పని దగ్గర కూలివాళ్ళు ఆయన ఏదైనా అంటే కుప్పమ్మ వైపు చూసేవాళ్ళు. ఆమె తిరగ జెప్పేది. రాన్రానూ మాట్లాడటమే తగ్గించేశాడు.

ఉగాది పోయాక భారతానికి తాంబూలం ఇవ్వడానికి పక్క ఊరి పెద్ద చిన్నబ్బ నలుగురితో వచ్చాడు. వెంట మునస్వామి ఉన్నాడు. ఊరి పెద్దల ముందర ఒక పద్యం వినిపించి తాంబూలం అందుకోవడం వాడుక. మునిచంద్ర లేచి, కండువా నడుముకు చుట్టుకుని ఎత్తుకున్నాడు. రాగం నిలబడింది. గొంతు ఎక్కడా తగ్గలేదు. మాటలే లేవు. ఒక్క అక్షరమూ దాని రూపంలో బయటికి రాలేదు. చిన్నబ్బ తన చెప్పుల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు.

"వేషం మునిచంద్రే కడతాడు" అన్నాడు మునస్వామి గబగబా. "పద్యాలు తెర యెనకాల మైకులో ఇంకొకరు పాడతారు. ఆకారం ఈయన్ది కావాలప్పా. ఆ నడక ఎవురికొస్తాది?"

అందరూ ఊపిరి పీల్చుకుని అదే సరేనన్నారు. మునిచంద్ర తాంబూలం కళ్ళకద్దుకున్నాడు. రారాజుకు నోరు అద్దెకు తెచ్చిపెట్టారన్నమాట. ఒప్పుకోకపోతే ఆ ఆకారం కూడా ఇంకొకడిదే అవుతుందని ఆయనకు తెలుసు.

భారతం వచ్చింది. వేషం కట్టిన రాత్రుళ్ళన్నీ కిరీటం పెట్టుకుని, మీసాలు అంటించుకుని, తెర వెనక కుర్రవాడు పాడుతూ ఉంటే పెదవులు కదిపాడు. బాగానే నడిచింది. దూరంగా కూర్చున్నవాళ్ళకు తేడా తెలియలేదు. దగ్గరున్నవాళ్ళు తెలిసినా ఊరుకున్నారు. ఆయనకు మాత్రం శవానికి వేషం కట్టినట్టుండేది. పొద్దున లేచి ముఖం కడుక్కుంటూ ఒక్కడే కుమిలి కుమిలి ఏడ్చాడు. ఈసారి అది నటన కాదు.

ఆఖరి పొద్దున మైదానం నిండిపోయింది. మట్టి దుర్యోధనుణ్ణి కొట్టడానికి ఆడవాళ్ళు పాత చీపుర్లు తెచ్చుకున్నారు. చిన్నపిల్లలు తండ్రుల భుజాల మీద ఎక్కారు. భీముడు మడుగు గట్టున నిలబడి తిట్టిపోశాడు. రారాజు బయటికి వచ్చాడు. ఈలలు, కేకలు. వెనక మైకు దగ్గర కుర్రవాడు పద్యానికి గొంతు సవరించుకున్నాడు.

మునిచంద్ర వెనక్కి తిరిగి, వద్దని చెయ్యి ఊపాడు.

ఎందుకట్లా చేశాడో ఆయనకే తెలియాలి. గొంతు ఉంది కదా, జనానికి పద్యం కంఠతా వచ్చు కదా, మాట సరిగా రాకపోయినా వాళ్ళే పూరించుకుంటారు అనుకున్నాడేమో. ఛాతీ నిండా గాలి పీల్చి ఎత్తుకున్నాడు. మొదటి పాదానికి మైదానమంతా నిశ్శబ్దం. రెండో పాదంలో ముందర కూర్చున్న ఒక పిల్లవాడు పకపకా నవ్వాడు. తల్లి వాడి నోరు మూసింది, ఆమెకూ నవ్వు ఆగలేదు. అక్కడినుంచి పాకిపోయింది. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ఆయన్ను ఏళ్ళ తరబడి నెత్తిన పెట్టుకున్నవాళ్ళే. అయినా అంత పెద్ద మీసాల కింద నుంచి ఆ తుస్సుమనే మాటలు వింటే నవ్వు ఎవరికి రాదు? ఒక్క నవ్వు పడలేక కురుక్షేత్రం దాకా వచ్చిన మనిషి వేషంలో ఉండి, ఊరంతా నవ్వుతుంటే ఆయన ఆపలేదు. మూడో పాదం ఎత్తుకున్నాడు. అరిచాడు. పెదవుల నుంచి తుంపర్లు ఎగిరి పడ్డాయి.

అప్పుడు భీముడు గద ఎత్తి తొడ మీద కొట్టేశాడు. పద్యం ముగియలేదు. ఇంకా ఒక పాదానికి పైనే మిగిలి ఉంది. ముప్పై ఏళ్ళలో ఏనాడూ మునస్వామి పద్యం ముగియకుండా గద ఎత్తలేదు. డోలు వాయించేవాడు తడబడి, వెంటనే అందుకున్నాడు. జనం కేకలు పెట్టారు. మునిచంద్రకు పడిపోవడం తప్ప దారి లేదు, మట్టి బొమ్మ పక్కన పడిపోయాడు. ద్రౌపది వేషగాడు వచ్చి విరబోసుకున్న జుట్టు ముడుచుకున్నాడు. ఆడవాళ్ళు చీపుర్లతో బొమ్మ మీద పడ్డారు.

సందడి తగ్గాక మునస్వామి వంగి చెయ్యి అందించాడు. మునిచంద్ర ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని, లేవకుండా, "ఎందుకప్పా ముందే కొడితివి?" అన్నాడు.

మునస్వామి చుట్టూ చూసి, "ఏందప్పా అంటా ఉండావు? తెలీలేదే" అన్నాడు.

మునిచంద్ర మళ్ళీ అడిగాడు. ఒక్కో మాటా విడదీసి, నిదానంగా అడిగాడు.

మునస్వామికి మొదటిసారే బాగా అర్థమైంది. "నీ మాట నాకు తెలీదప్పా, కుప్పమ్మ రానీ" అని చెయ్యి విడిపించుకుని, గద భుజాన వేసుకుని గుడివైపు నడిచాడు.