అంతోనివారి నవ్వు

పెద్రా బ్రాంకా అనే చిన్న ఊరి టీవీ స్టేషన్లో ఎడిటింగ్ చేసే ఇవోనిల్దెకి పొద్దున్నే మొదటి పని దగ్గులు తీసేయడం. వార్తలు చదివేవాడి దగ్గు, మేయరుగారి గొంతు సవరింపు, వంటల కార్యక్రమంలో పెద్దావిడ మాటకి ముందు తీసే దీర్ఘం. కాఫీ పక్కన పెట్టుకుని, తెర మీద ఆ ముక్క ఎక్కడుందో చూసి టక్కున కోసేసేది. సాయంత్రం ప్రసారమయ్యాక ఆ మనిషిక్కూడా ఆ దగ్గు పోయేది. ఊరందరికీ తెలిసిన సంగతే. నత్తి పిల్లల్ని తల్లులు తీసుకొచ్చి కెమెరా ముందు కూర్చోబెట్టి, "మావాడిది కూడా కాస్త చూడు తల్లీ" అని మొక్కజొన్న కేకు ముక్క బల్ల మీద పెట్టి పోయేవాళ్లు. ఒక్కసారి మాత్రం పొరపాటైంది. అకార్డియన్ వాయించే పాటగాడొకడు చరణానికి ముందు తీసిన ఊపిరి మరీ పొడుగైందని కోసేస్తే, పాపం అతనికి ఆ పాటే రాకుండా పోయింది. ఆ ముక్క అతికించి మళ్లీ ప్రసారం చేశాక గానీ మనిషి కోలుకోలేదు. అప్పట్నుంచి ఆమె జాగ్రత్తగానే కోస్తోంది.

జూన్ అంతోనివారి పండగ నెల, అది వచ్చిందంటే ఆ ఊరికి కుదురుండదు. వీధివీధికీ భోగిమంటల్లాంటి మంటలు, పగలని లేదు సాయంత్రమని లేదు, ఎక్కడో ఓచోట టపాకాయ ఢామ్మంటూనే ఉంటుంది. పెళ్లికాని ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంట్లో, పెళ్లిళ్లు కుదిర్చే పునీత అంతోనివారి చెక్క స్వరూపానికి తిప్పలు మొదలవుతాయి. మొగుణ్ణి చూపించేదాకా ఆయన్ని తలకిందులుగా నిలబెడతారు. బియ్యం డబ్బాలో పాతేస్తారు. నడుముకి తాడు కట్టి బావిలో వేలాడదీస్తారు. చంకలో ఉన్న బాలయేసుని లాక్కుని, పెళ్లయ్యాక ఇస్తాంలే అంటారు. అమ్మమ్మల నాటి నుంచీ ఇంతే. భక్తి లేక కాదు, మనవాడే కదా అన్న చనువు.

ఆ చనువునే తీసుకెళ్లి టీవీలో పెట్టాడు ఇవోనిల్దె నాన్న అదెర్బాల్. ఒకప్పుడు దర్జీ, ఇప్పుడు శనివారం హాస్య కార్యక్రమంలో నటుడు. భార్య పోయాక కూతుర్ని ఒంటిచేత్తో పెంచాడు. ఆయన నవ్వు మొదలైతే ముందు పొట్ట కదిలేది, తర్వాత భుజాలు, ఆఖర్న ఎప్పుడో చప్పుడొచ్చేది. తల్లి లేని ఆ ఇంట్లో ఇవోనిల్దె పెరిగింది ఆ చప్పుడు వింటూనే. ఈ ఏడు ఆయన అంతోనివారి వేషం కట్టాడు. బావిలో తలకిందులుగా వేలాడుతూ కప్పతో మొరపెట్టుకుంటాడు: ఒకతికి పళ్ల డాక్టరు కావాలట, ఇంకొకతికి తల్లి లేని మొగుడు కావాలట, నేనెక్కణ్ణుంచి తేను? ఇళ్లలో ఉండే స్వరూపానిది చెక్క అంగీ గనక తలకిందులు చేసినా కదలదు. ఈయన కట్టింది గుడ్డ అంగీ, అది కాస్తా జారి మొహం మీద పడి, చారల నిక్కరు బయటపడింది.

మొదటి భాగానికి ఊరు పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. అందరూ కాదు. మర్నాడు మధ్యాహ్నం స్టేషన్ గేటు మీద నాటుబాంబు పడింది. వాచ్‌మన్ బెలార్మీనో కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. పోలీసులొచ్చి కాఫీ తాగి, జూన్ నెలలో ఏ మోత ఎవరిదని పట్టుకుంటామని చేతులు దులుపుకుని పోయారు. తర్వాత స్టేషన్‌కీ, ఊళ్లో ఇళ్లకీ ఫోన్లు. పునీతుడి నిక్కరు మళ్లీ చూపిస్తే ఈసారి వేళ్లు కాదు, వేషం కట్టిన ముసలాడి తలకాయే ఎగిరిపోతుందన్నారు. ఎవరి మనుషులో ఊరికి తెలుసు. పండగ ఊరేగింపులో తేరు మోసే సంఘానికి పెద్ద వాల్ఫ్రీదో. బాణసంచా చేసేదీ అతనే. తెలిసి ఏం లాభం, సాక్ష్యం చెప్పే మగాడు పుట్టాలిగా.

ఇవోనిల్దెకి తిండి సయించేది కాదు. వీధిలో పిల్లలు తాటాకు టపాకాయ పేల్చినా లేచి తలుపు గడియ చూసొచ్చేది. నాన్న బ్రెడ్డు కోసమని బయటికెళ్తే తిరిగొచ్చేదాకా కిటికీ వదిలేది కాదు.

రెండో భాగం శనివారం రావాలి. అందులో అంతోనివారు బావిలోంచి పైకొస్తుంటే అంగీ మళ్లీ జారుతుంది, ఆ నిక్కరుతోనే తనని వేలాడదీసిన పిల్లని చూసి విరగబడి నవ్వుతాడు. స్టేషన్ పెద్ద ఒతాసీలియో ఆమెని గదిలోకి పిలిచి, కార్యక్రమం ఆపితే భయపడ్డామంటారు, ఆపకపోతే తగలబెడతారు, అందుకని నిక్కరుతో నవ్వే ఆ ముక్కొక్కటీ తీసెయ్యమన్నాడు. భక్తుల్ని చూసి నవ్వుతున్నాడనేగా వాళ్ల కోపం అన్నాడు. నవ్వు పోతే మా నాన్నకే పోతుంది సార్ అంది ఇవోనిల్దె. ప్రాణం ఉంటుంది కదమ్మా అన్నాడాయన.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పింది. ఆయన అంగీకి బొత్తాం కుట్టుకుంటున్నాడు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకంట? అంతోనివారు వచ్చి అడిగారా నన్ను, ఎందుకు నవ్వావని?"

"నాన్నా, బెలార్మీనో చెయ్యి చూశావా నువ్వు?"

"చూశాను. రోజూ వెళ్లి కట్టు మారుస్తున్నాను. వాడే అన్నాడు, ఆపొద్దని." దారం పంటితో తెంపాడు. "కొయ్యకు తల్లీ. చంపితే చంపనీ. ఆ నవ్వు లేకుండా బతికి నేనేం చేసుకోను?"

కొయ్యనని మాటిచ్చింది. శనివారం మధ్యాహ్నం యంత్రం ముందు కూర్చుని ఆ నవ్వుని మళ్లీ మళ్లీ చూసింది. పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి. బయట ఢామ్మని మోత వినిపించింది. కోసేసింది. నవ్వు లేని నాన్న కావాలా, నాన్న లేని నవ్వు కావాలా అంటే ఏ కూతురైనా ఏం చేస్తుంది చెప్పండి. కోసిన ముక్కని పారేయలేక పక్కన దాచుకుని, బల్ల మీద తల పెట్టి ఏడ్చింది.

సాయంత్రం రెండో భాగం ఆ ముక్క లేకుండానే ప్రసారమైంది. మర్నాడు పొద్దున నాన్న మొహంలోకి చూడలేక, పొయ్యి మీద మొక్కజొన్న రవ్వ కుస్కుస్ మాడుతున్నా చూసుకోలేదు. అదెర్బాల్ వంటింట్లోకొచ్చి గిన్నెలోకి తొంగిచూశాడు. ఆయన పొట్ట కదిలింది. భుజాలు కదిలాయి. ఆఖర్న చప్పుడు కూడా వచ్చింది. ఇవోనిల్దె గరిటె వదిలేసి నాన్నని వాటేసుకుని భోరుమంది. తన నవ్వు పోయిందనుకుందని ఆయనకి అర్థమైపోయింది. మెల్లిగా ఆమె చేతులు విడిపించుకున్నాడు.

"పోతుందని తెలిసే కోశావా?"

ఆమె తలూపింది. ఆయన కూతురి వంక చూడకుండా బెలార్మీనో కట్టు మార్చడానికి వెళ్లిపోయాడు.

ఇంతలో పక్కింటావిడ అంతోనివారిని బియ్యం డబ్బాలోంచి తీసుకుని గోడ దగ్గరికొచ్చింది. చూడు, ఈయన మొహం ఎలాగైపోయిందో అని. చిన్ననాటి నుంచీ చూస్తున్న ఆ చెక్క పెదవుల మీది నవ్వు లేదు. బావుల్లోంచి తీసినవాళ్లూ, పీఠాల మీద నిలబెట్టుకున్నవాళ్లూ అందరిదీ అదే మాట. ఊళ్లో ఉన్న అంతోనివార్లందరూ ఎవరో తిట్టి పంపినట్టు మూతి బిగించుకుని ఉన్నారు. చర్చిలో పెద్ద స్వరూపానిదీ అదే వాలకం. ఊరు విసుక్కుంది. పండగ ముందు ఇదేం పని, ఇవోనిల్దె ఏదో కోసి ఉంటుంది అనుకున్నారు.

ఆ సాయంత్రం అదెర్బాలే సంగతి తేల్చాడు. "నేను వేషంలో ఉన్నాను కదే. వేషంలో నవ్వింది ఆయన. ఆయన నవ్వే కోశావు నువ్వు."

పండగ రోజు పొద్దున వాల్ఫ్రీదో ఆమె పనిచేసే గదికే వచ్చాడు. చంకలో తువ్వాల్లో చుట్టిన స్వరూపం. అతన్ని చూడగానే ఇవోనిల్దె లేచి యంత్రానికి అడ్డంగా నిలబడింది. ఆ వెనకే అరికాలి మంట నెత్తికెక్కింది. అతను కూర్చోలేదు. వాళ్లమ్మ కాందిదాగారికి చూపు పోయి చాలా ఏళ్లయింది. పొద్దున్నే అంతోనివారి పెదవులు వేలితో తడిమి, నవ్వు తగిలాకే రొట్టె ముట్టుకుంటుంది. ఆదివారం తడిమి, ఇది మన స్వరూపం కాదు, మన అంతోనివారిని ఎక్కడ పెట్టావురా అని అడిగిందట. అప్పట్నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టడం లేదు.

"నువ్వేగా కోసింది. మళ్లీ పెట్టెయ్," అన్నాడు.

"పెట్టాలంటే ప్రసారం చెయ్యాలి. మొత్తం."

"నవ్వొక్కటీ వేస్తే?"

"నిక్కరు కనబడుతున్నప్పుడే నవ్వుతాడు. విడదీస్తే నవ్వు తెగుతుంది."

అతను తువ్వాలు మడతలు సర్దుతూ నిలబడ్డాడు. కొండలా ఉండే మనిషి. మూడు ఊళ్ల తేరు ఒక్క భుజం మీద మోస్తాడని పేరు. ఆ క్షణాన ఇవోనిల్దెకి అతని మీద జాలి కలగలేదు. నాన్న తలకాయ ఎగిరిపోతుందన్న గొంతు ఇదేనా అని మాత్రం ఫోన్లో విన్నదానితో పోల్చుకుంది. ఇదే.

"వేస్తే మా నాన్నని ఏం చేస్తారు?" అని అడిగింది.

"మావాళ్లకి నేను చెప్తాను."

"చెప్తే చాలదు. మీరొచ్చి గేటు దగ్గర కూర్చోండి. బెలార్మీనో పక్కన. నవ్వు అయిపోయేదాకా."

అతను ఒప్పుకున్నాడు. ఒతాసీలియో చెమటలు తుడుచుకుంటూ ప్రసారానికి సంతకం పెట్టాడు. అదెర్బాల్ మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, నా కార్యక్రమం నేనూ చూస్తానని స్టేషన్‌కే వచ్చి కూర్చున్నాడు. వద్దన్నా వినలేదు.

సాయంత్రం ఊరేగింపుకి ముందు ప్రసారం మొదలైంది. ఇవోనిల్దె ఆ ముక్క దాని చోట అతికించి, యంత్రాన్ని దాని మానాన వదిలేసి, గేటు దగ్గరికి పరిగెత్తింది. లోపల ఉండటం ఆమె వల్ల కాలేదు. బెలార్మీనో గదిలో చిన్న టీవీ ఉంది. అతను కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాడు. పక్క స్టూలు మీద వాల్ఫ్రీదో, మోకాళ్ల మీద స్వరూపం. అతను తెర వైపు చూడటం లేదు. వీధి చివర సంఘం మనుషులు గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ల చేతుల్లో ఏముందో ఆమెకి కనబడటం లేదు.

అంగీ జారింది. నిక్కరు కనబడింది. గుంపు అటూ ఇటూ మెదిలింది. ఇవోనిల్దె గేటు ఊచలు పట్టుకుంది. అప్పుడు తెర మీద పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి, నవ్వొచ్చింది. స్టేషన్ లోపల తన నవ్వు చూసి అదెర్బాల్ నవ్వుతున్నది కూడా వినబడింది. వాల్ఫ్రీదో బొటనవేలు స్వరూపం పెదవుల మీద ఉంది. ఆ వేలి కింద చెక్క మెత్తగా ఒంపు తిరగడం ఆమె చూసింది.

వీధి చివరి గుంపు ఏమీ విసరలేదు. ఎవరో ఒకడు ముందు నవ్వాడు. తర్వాత అందరూ టోపీలు తీసి, తేరు దగ్గరికి నడిచారు. వాల్ఫ్రీదో లేవలేదు.

"బెలార్మీనో," అన్నాడు. "ఆ రోజు బాంబు విసిరింది మా కుర్రాళ్లు కాదు. నేను."

"తెలుసు," అన్నాడు బెలార్మీనో. "ఒక్క చేత్తో నేను గేటు తీస్తుంటే, రోజూ నువ్వు వీధి అవతల నిలబడి తల దించుకోవడం కనబడుతూనే ఉంది."

"ఏం చెయ్యమంటావు?"

"నాకు చెప్పడం కాదు. ఫోన్లలో ఊరందర్నీ బెదిరించావుగా. ఊరందరికీ చెప్పు."

 వాల్ఫ్రీదో స్వరూపాన్ని జాగ్రత్తగా స్టూలు మీద నిలబెట్టి, లేచి, స్టూడియో ఎటని అడిగాడు. ఇవోనిల్దె గేటు ఊచలు వదిలి, దారి చూపించి, అతన్ని కెమెరా ముందు కూర్చోబెట్టింది. మైకు చొక్కాకి తగిలించింది. అతను గొంతు సవరించుకున్నాడు, దగ్గాడు, ఎలా మొదలుపెట్టాలో తెలీక ఆగిపోయాడు.

"ఇవన్నీ తర్వాత తీసేస్తావుగా?" అని అడిగాడు.

"లేదు," అంది ఇవోనిల్దె. "ఒక్క ముక్క కూడా కొయ్యను. చెప్పండి."