టర్ప్స్ డబ్బా

చిన్నపుల్లయ్యకు ముక్కుంది గానీ వాసన లేదు. కువైట్‌లోని షుఐబాలో నూనె ట్యాంకుల్లోకి దిగి రంగులు కొట్టీ కొట్టీ, రంగుల్లో కలిపే టర్పెంటైన్ ఘాటుకు అది ఎప్పుడో చచ్చిపోయింది. మల్లెపూలూ ఒకటే, మురిక్కాలవా ఒకటే. పొయ్యి మీద అన్నం మాడుతున్నా పక్కవాడు చెప్పాలి. రంగుల పనివాళ్లలో సగంమందికి ఇదే గతి కాబట్టి దాన్నొక జబ్బని ఎవరూ అనుకోలేదు, అతనూ అనుకోలేదు.

ఆ టర్పెంటైన్‌ని వాళ్ల ఆస్ట్రేలియా ఫోర్‌మన్ ముద్దుగా టర్ప్స్ అనేవాడు. వాళ్ల దేశంలో మందును కూడా టర్ప్స్ అనే అంటారట. తప్పతాగినవాణ్ణి టర్ప్స్ మీద ఉన్నాడంటారట. ఈ మాట మన కడప జిల్లా వాళ్లకు తెగ నచ్చేసింది. కువైట్‌లో మందు దొరికితే జైలు, ఆపైన ఇండియా విమానం. అందుకని వాళ్లుండే అబ్బాసియాలో దొంగచాటుగా కాచిన సారాను ఖాళీ టర్ప్స్ డబ్బాల్లో పోసి, అసలు డబ్బాల పక్కనే దాచేవాళ్లు. పోలీసు ఎదురుగానే టర్ప్స్ ఉందా అని ఒకరినొకరు అడిగి నవ్వుకునేవాళ్లు. ఏది ఏదో తెలియడానికి సారా డబ్బా పిడికి ఒక గుడ్డపీలిక కట్టేవాళ్లు. ముక్కులు పోయినవాళ్లకు కళ్లే దిక్కు మరి.

చిన్నపుల్లయ్య కూడా ఒకప్పుడు పీకల దాకా తాగినవాడే. భార్య గురమ్మ ఫర్వానియాలో ఒక కువైటీ ఇంట్లో పనికి కుదిరాక, సెలవునాడు వచ్చి అతని అవతారం చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. అతని చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుని, చుక్క నాలుకకు తగిలినా తను చచ్చినట్టేనని ఒట్టు వేయించుకుంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. తాగడంలో ఎంత మొండో మానడంలోనూ అంతే మొండిగా నిలబడ్డాడు. గదిలో మిగిలిన ఒక్క సారా డబ్బాను పారబోయడానికి మాత్రం చేతులు రాలేదు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చి పడింది. గురమ్మ పనిచేసే ఇంటివాళ్లు ఉన్నపళాన సౌదీకి పారిపోయారు. ఇల్లు జాగ్రత్త అని చెప్పి, గురమ్మ మామా అని పిలిచే యజమానురాలు కారెక్కింది, అంతే. ఆ ఖాళీ ఇంట్లో సిపాయిలు లారీలో వచ్చి దిగారు. వాళ్లకు వండిపెట్టడానికి, బట్టలు ఉతకడానికి గురమ్మ దొరికింది. ఇక గేటు దాటనిస్తేనా! చిన్నపుల్లయ్య రోజూ నడిచి వెళ్లి, కమ్మీల వెనక ఆమె మొహం చూసి వచ్చేవాడు. చూసినప్పుడల్లా ఆ మొహం ఇంకాస్త పీక్కుపోయి ఉండేది.

ఈలోగా మనవాళ్లను బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ చేర్చి, అక్కడ ఇండియా విమానం ఎక్కించడం మొదలైంది. మొగుడూపెళ్లాలిద్దరికీ చోటు దొరికింది. తెల్లారితే బస్సు. చిన్నపుల్లయ్య పరుగున వెళ్లి ఆ ఇంటి సార్జెంటు కాళ్లు పట్టుకున్నాడు. వాడు చుట్టూ చూసి గొంతు తగ్గించి, ఈ ఊళ్లో చుక్క దొరక్క నాలుక పిడచకట్టుకుపోయింది, అరక్ తీసుకురా, నీ ఆడమనిషిని తీసుకుపో, ఖలాస్ అన్నాడు. చిన్నపుల్లయ్యకు ప్రాణం లేచి వచ్చింది. పారబోయకపోవడమే మంచిదైందనుకుంటూ గదికి వచ్చాడు.

కానీ కొంప అప్పటికే మునిగి ఉంది. గదిలో ఉండే అమలాపురం సూరిబాబు ముందు బస్సుకే వెళ్లిపోయాడు. హోటల్లో వంటమనిషి అతను, రంగులతో సంబంధం లేదు. వెళ్లేముందు గ్యాస్ లేక చెక్కలు పేర్చి టర్ప్స్ పోసి అన్నం వండాడు. పిడికున్న గుడ్డను మసిగుడ్డ అనుకుని విప్పి గిన్నె దించి, మళ్లీ చేతికందిన డబ్బాకు కట్టేశాడు.

చిన్నపుల్లయ్య గుడ్డ కట్టిన డబ్బానే తీసుకున్నాడు. అలవాటు కొద్దీ మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏముంటుంది, ఏమీ లేదు. ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే తెలిసిపోతుంది. సూరిబాబు వెళ్తూ వెళ్తూ అననే అన్నాడు, ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి, ఇలాంటప్పుడు కాకపోతే ఇంకెప్పుడండీ అని. వేలు డబ్బా దాకా వెళ్లింది. రేపు గురమ్మను ఇంటికి తీసుకుపోవాల్సిన వేళ ఆమె తల మీది ఒట్టు తప్పడమా? గబగబా మూత బిగించేశాడు.

గేటు దగ్గర సార్జెంటు మాట మీదే నిలబడ్డాడు. బట్టల మూట చంకన పెట్టుకుని గురమ్మ మెట్లు దిగింది. మొదటి గ్లాసు ఒక మీసాల సిపాయికి ఇచ్చారు. ఘాటు డబ్బాదే అనుకున్నాడో ఏమో, వాడు ఎన్నాళ్ల ఆశో తీరేట్టు ఒక్క గుక్కలో ఎత్తేశాడు.

అప్పుడే గురమ్మ ముక్కుకు వాసన తగిలింది. ఏళ్ల తరబడి మొగుడి అంగీలు ఉతికిన మనిషి.

"ఏమయ్యా, ఇది నీ అంగీ వాసన గదా," అంది.

సిపాయి గొంతు పట్టుకుని కూలబడ్డాడు. వాంతులు, నురగ, తర్వాత కదలిక లేదు. విషం పెట్టాడని కేకలు లేచాయి. తుపాకీ మడమలు చిన్నపుల్లయ్య వీపు మీద, తల మీద పడ్డాయి. అసలు డబ్బా గదిలో ఉంది, తెస్తానని వచ్చిన భాషలన్నింటిలో మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? సార్జెంటు తుపాకీ ఎత్తేసరికి గురమ్మ మూట పారేసి మొగుడికి అడ్డంగా అతని మీద పడింది. ఆ పడడం వల్లే అతను బతికాడు. అతన్ని ఈడ్చి గేటు బయట పడేసి, ఆమెను లోపలే ఉంచి గొళ్లెం పెట్టారు.

నెత్తురు తుడుచుకుంటూ అతను కమ్మీలు పట్టుకున్నాడు. లోపలినుంచి గురమ్మ వాటి దగ్గరికి వచ్చింది.

"రొంత నాలిక మీద ఏసుకొని చూసింటే ఏం పోయిండేదయ్యా?"

"నీ తల మీద ఒట్టేసింటి గదమ్మే."

"ఏపిచ్చుకునింది నేనే గదయ్యా," అంది గురమ్మ. "తప్పితే నేనేమన్నా అనిందునా?"

సిపాయి ఆమె జుట్టు పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు.

తెల్లారి బస్సు వెళ్లిపోయింది. చిన్నపుల్లయ్య దాని దగ్గరికి పోలేదు, ఫర్వానియా పోయాడు. గేటు బార్లా తెరిచి ఉంది, లారీ లేదు, సిపాయిలు లేరు. గది గదిలోకీ వెళ్లి పేరు పెట్టి పిలిచాడు. వీధిలోకి వచ్చి ఎటు తీసుకుపోయారని అడుగుదామంటే, ఆ వరసలో ఒక్క ఇంట్లోనూ మనుషులు లేరు.