తలా మూడు

అందరూ తిని లేచాక బల్ల తుడవడం ఆమె పని. తుడవడమంటే గుడ్డ పెట్టి తుడవడం ఒక్కటే కాదు. ముందు ఎవరి పళ్ళెంలో ఏం మిగిలిందో చూడాలి. కూతురు రొట్టె అంచులు తినదు. కొడుకు గుడ్డులో పచ్చసొన వదిలేస్తాడు. అత్తగారు పాలగ్లాసు అడుగున రెండు గుక్కలు ఉంచేస్తుంది, మీగడ గొంతుకి అడ్డం పడుతుందని. భర్త తిన్నది శుభ్రంగా తింటాడు గానీ అక్కర్లేనిదాన్ని ముట్టుకోకుండానే లేచిపోతాడు. అవన్నీ నిలబడే నోట్లో వేసుకుని, గిన్నెలు కడిగి బోర్లించి, తడి చేతులు చీరకే తుడుచుకుని, పనిచేసే షాపుకి పరిగెత్తేది. "నువ్వూ కూర్చోరాదూ" అని ఎవరూ అనలేదని చెబితే అబద్ధమవుతుంది. అనేవాళ్ళు. "మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాను" అనేది తను. ఆ తర్వాత ఎప్పుడొస్తుందని మాత్రం ఎవరూ అడగలేదు, తనూ చూసుకోలేదు.

భర్తకి ఆఫీసులో ఏడాదికోసారి పరీక్షలు చేయిస్తారు. ఆ ఏడు థైరాయిడ్ కాస్త తేడాగా ఉందన్నారు. పక్క సీటు మిత్రుడు మందు కంటే ముందు ఇది తిని చూడమన్నాడట. ఒక సాయంత్రం చంకలో పసిపిల్లని ఎత్తుకున్నట్టు పెద్ద డబ్బా ఎత్తుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"బ్రెజిల్ నట్స్. తోటల్లో కాదు, అడవిలో కాస్తాయట. కొబ్బరికాయంత కాయ, లోపల నారింజ తొనల్లా వరసగా ఇవి" అని ఫోన్ తీసి చదివాడు. "సెలీనియం అని ఒకటుంటుందట. ఇంకే గింజలోనూ ఇంత ఉండదట. థైరాయిడ్‌కి మంచిది, గుండెకి మంచిది, కొలెస్ట్రాల్ తగ్గుతుంది..."

అత్తగారు ఒక గింజ తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేంట్రా, వడ్రంగి మంచం కోడు చెక్కితే రాలిన ముక్కలా ఉంది. నా పళ్ళు ఉండాలా ఊడాలా?"

"నానబెట్టి ఇస్తుందిలే అమ్మా" అని భార్య వైపు తిరిగాడు. "రేపట్నించి పొద్దున్నే తలా మూడు. మర్చిపోకు."

"తలా మూడంటే?"

"అమ్మకి మూడు, నాకు మూడు, పిల్లలిద్దరికీ మూడేసి."

ఆమె తలూపింది. తలా అన్న ఆ మాటలో తన తల లేదని అప్పుడు తోచలేదు. తోచకపోవడంలో వింతేమీ లేదు, ఏనాడూ తోచలేదు కనక.

మర్నాటి నించి నాలుగు చిన్న గిన్నెలు బల్ల మీదకి వచ్చాయి. మొదట్లో అందరూ మందులా నమిలి మింగారు. వారం తిరక్కుండానే మొహం మొత్తింది. కొడుకు ఒకటి కొరికి రెండు వదిలేశాడు. కూతురు "కొవ్వు ముద్ద తిన్నట్టుందమ్మా" అంది. అత్తగారు నానబెట్టినా నమల్లేకపోయింది. తెచ్చినాయన సంగతి సరేసరి, పొద్దున్నే ఫోన్లు, హడావిడి. "అక్కడ పెట్టు, వెళ్ళేటప్పుడు తింటా" అనేవాడు. వెళ్ళేటప్పుడు గింజలు అక్కడే ఉండేవి.

నానినవి మళ్ళీ డబ్బాలో పోస్తే డబ్బా అంతా ముక్కిపోతుంది. పోనీ అని కొన్నాళ్ళు పెట్టడం మానేస్తే, ఒకరోజు భర్త డబ్బా మూత తీసి చూశాడు. "ఇదేంటి, పోయిన వారం ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది? పెట్టట్లేదా నువ్వు? ఇంత పోసి తెచ్చాను. ఈ ఇంట్లో ఒక్క మంచి అలవాటు నిలవనివ్వవు కదా!"

నిజమే కాబోలు అనుకుంది. మర్నాడు మళ్ళీ నాలుగు గిన్నెలు పెట్టింది, అందరూ లేచాక నాలుగూ తనే ఖాళీ చేసింది. తిండి పారేస్తే దేవుడు చూస్తాడని చిన్నప్పుడు అమ్మ చెప్పిన మాట. పైగా తినేది విషమా ఏమన్నానా, మంచిదే కదా. రొట్టె అంచుల మీద, పచ్చసొన మీద, మీగడ పాల మీద ఈ గింజలు. డబ్బా తగ్గడం మొదలుపెట్టింది. ఇల్లు చల్లబడింది. డబ్బా అడుగంటిన రోజు భర్త మొహం వెలిగిపోయింది. "చూశావా, అలవాటు చేస్తే అదే అవుతుంది" అని ఇంకో డబ్బా తెచ్చాడు, మొదటిదాని కంటే పెద్దది.

ఆమె పనిచేసేది కళ్ళద్దాల షాపులో. కొత్త అద్దాలు వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా వంగి, చెవుల వెనక కాడలు వంచి, ముక్కు మీద సరిగ్గా కుదిరేలా సర్దడం ఆమె పని. ఆమె చేతి వాటం అలాంటిది, ఒకసారి పెట్టిందంటే కళ్ళజోడు జారదు, నొక్కదు. వచ్చేపోయేవాళ్ళు ఆమెకి కళ్ళద్దాలమ్మ అని పేరే పెట్టేశారు. మసకలో బతికి వచ్చిన మనిషికి లోకం తేటపడే క్షణంలో మొట్టమొదట కనబడేది ఆమె మొహమే. "అబ్బ, మీరు ఇలా ఉంటారా!" అని ఒక ముసలాయన పిల్లాడిలా నవ్వాడోసారి. ఇంట్లో తన మొహంలోకి ఎవరైనా అలా చూసి ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తులేదు. జీతం ఇంటికి, ఆ చూపు తనకి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పేదాకా ఎందుకు, తనలో తను అనుకోవడానికే మొహమాటపడింది.

రెండో డబ్బా సగానికి వచ్చేసరికి, ముందు నోరు చేదెక్కింది. నాలుక కింద ఎవరో నాణెం దాచినట్టు ఇనుము రుచి. తర్వాత వాసన. "వెల్లుల్లి నమిలావా?" అని భర్త పక్కకి తిరిగి పడుకున్నాడు. వారాల తరబడి ఇంట్లో వెల్లుల్లి రెబ్బ ఒలిచింది లేదు. "పళ్ళు సరిగ్గా తోముకుంటున్నావా, అమ్మాయ్?" అంది అత్తగారు, చిన్నపిల్లని అడిగినట్టు. ఆమె రెండు పూటలా తోమింది, మూడు పూటలా తోమింది, చిగుళ్ళ నించి నెత్తురు వచ్చేదాకా తోమింది. వాసన నోటిది కాదు, ఊపిరిది. చివరికి దేవుడి ముందు కూడా పైకి చదువుకోవడం మానేసి, పెదాలు బిగించి లోపలే అనుకోవడం మొదలుపెట్టింది. ఆయనకి మాత్రం ఎందుకు ఈ వాసన అనుకుంది.

తర్వాత జుట్టు. దువ్వెనకి చిక్కులు కాదు, ఉండలుగా వచ్చేది. "ఇల్లంతా నీ వెంట్రుకలే, అన్నంలో కూడా" అని విసుక్కున్నాడు కొడుకు. "వయసు అమ్మా, అందరికీ రాలుతుంది" అని సర్ది చెప్పింది కూతురు. గోళ్ళ మీద అడ్డంగా తెల్లటి చారలు పడ్డాయి. కళ్ళజోడు స్క్రూ తీయబోతే గోరు పెంకులా విరిగి కింద పడింది.

షాపు యజమాని చెడ్డవాడు కాదు. అందుకే చెప్పడానికి చాలాసేపు గల్లాపెట్టె సర్దాడు. "చూడమ్మా, ఏమీ అనుకోకు. నువ్వు దగ్గరికి రాగానే జనం మొహం తిప్పుకుంటున్నారు. కొన్నాళ్ళు వెనక గదిలో అద్దాలు తుడువు. అప్పటికీ తగ్గకపోతే... కౌంటర్లోకి ఇంకో అమ్మాయిని చూసుకోవాలి నేను. నా వ్యాపారం నాది కదమ్మా."

వెనక గదికి కిటికీ లేదు. అద్దాలు అరగదీసే యంత్రం రొద ఒక్కటే. అక్కడ కూర్చుని ఎవరెవరి కళ్ళకో పోయే అద్దాలు తుడుస్తుంటే, తెర అవతల కొత్త కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు "ఆహా" అనడం వినబడేది. ఏడుపు వచ్చేది కాదు. ఏదో తప్పు చేసి ఉంటాను, ఏం తప్పో తెలిస్తే దిద్దుకుంటాను కదా అని మాత్రం అనిపించేది.

ఒక మధ్యాహ్నం పెద్దావిడ ఒకరు వచ్చారు. చర్మవ్యాధుల డాక్టరు, ఆ షాపుకి పాత ఖాతా. "కళ్ళద్దాలమ్మ ఏది? నా ముక్కుకి ఆవిడ చెయ్యే పడుతుంది" అన్నారు. యజమాని నీళ్ళు నమిలాడు. డాక్టరు కదలలేదు. చివరికి ఆమెని పిలవక తప్పలేదు.

ఆమె ఊపిరి బిగబట్టి వంగింది. కుడి కాడ వంచింది, ఎడమ కాడ వంచింది. కళ్ళు తిరుగుతున్నాయి.

"ఊపిరి ఆపుకుని పనిచేస్తున్నారేంటమ్మా? వదలండి."

"వద్దండీ. వాసన."

"ముప్ఫై ఏళ్ళుగా పుళ్ళు చూస్తున్న ముక్కు నాది. వదలండి."

వదిలింది. డాక్టరు మొహం తిప్పుకోలేదు. కొత్త అద్దాల్లోంచి తన చెంప పక్కనే ఉన్న ఆ వేళ్ళని చూశారు. పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూశారు. "రేపు నా దగ్గరికి రండి" అన్నారు, బేరం లేని గొంతుతో.

క్లినిక్‌లో ఆమె చాలా ప్రశ్నలకి సిద్ధపడి కూర్చుంది. కానీ డాక్టరు అడిగింది ఒక్కటే. "నిన్న ఏం తిన్నారు?"

"పొద్దున మావారు రెండు గుడ్లు, రొట్టె తిన్నారండీ. మా అత్తగారికి పాలు. పాపకి పళ్ళముక్కలు..."

"వాళ్ళు కాదమ్మా. మీరు."

ఇంట్లో ఎవరికి ఏది పడుతుందో, ఎవరికి ఏది పడదో, ఎవరు ఏది ఎంత తిన్నారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. తనేం తిన్నదో ఎంత వెతికినా దొరకలేదు. తను తిన్నదానికి పేరు లేదు. "మిగిలినవి" అంది చివరికి.

"ఏం మిగిలాయి?"

అప్పుడు ఒక్కొక్కటీ వచ్చాయి. రొట్టె అంచులు, పచ్చసొన, పాలు, గింజలు.

"ఏం గింజలు?"

"బ్రెజిల్ నట్సండీ. తలా మూడు."

"మీరు మూడు తింటారా?"

"నాకు లేవండీ. వాళ్ళ నలుగురివీ తింటాను."

డాక్టరు కలం కింద పెట్టేశారు. మెల్లగా చెప్పారు. ఆ గింజ మంచిదే. ఒకటో రెండో తింటే థైరాయిడ్‌కి కావలసిన సెలీనియం అందుతుంది. అంతకు మించి ఒంటికి అక్కర్లేదు. అక్కర్లేనిది రోజూ పోగుపడితే అదే విషమవుతుంది. ఊపిరిలో వెల్లుల్లి వాసన, నోట్లో ఇనుము రుచి, జుట్టు రాలడం, గోళ్ళు పెంకులై విరగడం, అన్నీ దానివే. "రక్తం పరీక్ష చేయిద్దాం. నాకైతే అనుమానం పెద్దగా లేదు. పూర్తిగా మానెయ్యండి, ఒళ్ళే మెల్లగా బయటికి తోసేస్తుంది. వాసన పోతుంది. జుట్టు వస్తుంది. గోళ్ళు మాత్రం కొత్తవి పెరిగేదాకా ఓపిక పట్టాలి."

ఆమె లేచి, తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది. "మరి గిన్నెల్లో మిగిలినవి ఏం చెయ్యమంటారు?"

డాక్టరు కొత్త కళ్ళజోడు తీసి ఆమెని చూశారు. "దానికి నా దగ్గర మందు లేదమ్మా" అన్నారు.

పరీక్ష కాగితం వచ్చిన సాయంత్రం భర్త దాన్ని రెండుసార్లు చదివాడు. "నీకు బుద్ధుందా? ఎవరు తినమన్నారు నిన్ను అన్ని?"

"అదీ మాటే" అంది అత్తగారు. "పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు, వాడు అందరి మంచికీ తెస్తే నువ్వు ఇలా తెచ్చుకున్నావు."

ఎవరు తినమన్నారు? ఆమె నిజంగానే వెతికింది. ఎవరూ అనలేదు. తినమనీ అనలేదు, తినొద్దనీ అనలేదు. నలుగురి ఆరోగ్యం ఒక్క ఒంట్లో పడి జబ్బయ్యేదాకా, అసలు తింటున్నావా అని కూడా ఎవరూ అనలేదు.

"ఎవరూ తినమనలేదండీ" అంది. "అదే."

ఆ 'అదే'లో ఏముందో అతనికి అర్థం కాలేదు. కానీ ఏదో తగిలింది. ఫోన్ తీసి, తను ఆ రోజు చదివి వినిపించిన పేజీ వెతికి, వేలితో కిందికి జరిపి ఆగిపోయాడు. "ఇక్కడ కింద రాసే ఉంది... ఎక్కువ తింటే ప్రమాదమని. నేను అంతవరకూ చదవలేదు." గొంతు తగ్గింది. ఫోన్ జేబులో వేసుకుని, మామూలు గొంతుతో, "సరే, ఆ డబ్బా ఎవరికైనా ఇచ్చెయ్యి" అన్నాడు.

"తెచ్చింది మీరు కదండీ. మీరే ఇవ్వండి" అంది. కోపంగా అనలేదు. అందుకేనేమో అతను ఆశ్చర్యపోయి డబ్బా వైపు చూశాడు.

మర్నాడు పొద్దున దేవుడి ముందు నిలబడింది. ఎప్పటిలా "అందరినీ చల్లగా చూడు తండ్రీ" అనబోయి ఆగింది. అందరూ అంటే ఎవరెవరు? ఇన్నేళ్ళూ తను చేసిన ప్రార్థన కూడా తలా మూడు లాంటిదేనా? తనని తనే లెక్కలో వెయ్యకుండా అడిగితే ఆయన మాత్రం ఎక్కణ్ణించి తెచ్చి ఇస్తాడు? 'తిండి పారేస్తే నువ్వు చూస్తావన్నారు. పారెయ్యకుండా నాలో పారేసినప్పుడు కూడా చూశావా?' నిష్ఠూరం కాదు. తెలియక అడిగింది. చాలాకాలానికి ఆ మాటలు పైకే, నోరు తెరిచి అంది.

వంటింట్లోకి వెళ్ళి ఐదు పళ్ళేలు తీసింది. ఐదు గుడ్లు, ఐదుగురికి రొట్టె, ఐదు గ్లాసుల పాలు. అందరితో పాటు కుర్చీ లాక్కుని కూర్చుంది. రొట్టె వేడిగా ఉంది. వేడి రొట్టె మెత్తగా ఉంటుందని, అంచులకీ మధ్యకీ ఇంత తేడా ఉంటుందని ఆమె మర్చేపోయింది.

"ఏంటివాళ విశేషం?" అన్నాడు భర్త.

"ఆకలేస్తోందండీ" అంది.

ఒక్కొక్కరూ లేచారు. అంచులు కూతురి పళ్ళెంలోనే ఉన్నాయి, పచ్చసొన కొడుకు పళ్ళెంలోనే ఉంది. ఆమె తన పళ్ళెం తను కడుక్కుని, పల్చబడ్డ జుట్టు ముడి వేసుకుని, షాపుకి బయల్దేరింది. కౌంటర్లో నిలబడేదాకా ఎన్నాళ్ళు పట్టినా వెనక గది నించే మొదలుపెడదామనుకుంది. చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే వెనక నించి అత్తగారు గ్లాసు పైకెత్తి పిలిచింది.

"అమ్మాయ్, పాలు రెండు గుక్కలున్నాయి. పారబోస్తే పాపం, తాగేసి వెళ్ళు."

ఆమె వెనక్కి తిరిగి గ్లాసు వైపు, అత్తగారి వైపు చూసి, చాలా మెత్తగా అంది.

"వద్దత్తయ్యా. నేను తిన్నాను."