మందారానికి పెట్టిన పేరు

వరహాలమ్మ పిన్నికి మొదటి ఇద్దరు పిల్లలూ పురిట్లోనే పోయారు. అందుకని మూడోవాడు పుట్టగానే చాటలో పెట్టి, పనికోసం వలసవెళ్ళిన గుఢియారీలో, రైలు పట్టాల పక్కనున్న పెంటకుప్ప మీద ఉంచింది. పక్కింటి ముసలమ్మ వాణ్ణి ఎత్తుకుంది. ఆమెకు గుప్పెడు తౌడు ఇచ్చి పిన్ని తిరిగి కొనుక్కుంది. పారేసిన బిడ్డ కదా అని చావు వదిలేస్తుందట. వాడికి పరదేశి అని పేరు పెట్టారు.

పిన్ని అంతటితో ఊరుకోలేదు. వాడికోసం మనసులో దాచుకున్న చిన్నారావు అనే పేరును పెరట్లోని మందార మొక్కకు పెట్టింది. ఆ పేరు వెతుక్కుంటూ వచ్చే చావు మొక్కను పట్టుకుపోవాలని.

ఆ మొక్క నూకరాజు బాబాయి ప్రాణం. ఆయన లోకో షెడ్డులో ఫిట్టరు. కొత్త రంగు పువ్వు కోసం, ఎర్ర మందారం విచ్చకముందే దాని కేసరాలు గిల్లేసి, ఒక దొర బంగళా నుంచి తెచ్చిన పసుపుపచ్చ మందారం పుప్పొడిని కోడి ఈకతో అద్ది, పాత పంచె ముక్క చుట్టేవాడు. ఎన్నో పూలు రాలిపోయాక ఒక కాయ నిలిచింది. దాని మొలకలన్నీ కుళ్ళిపోగా మిగిలింది ఈ ఒక్కటే.

"మొక్కకి బారసాల సేసినావు. షెడ్డోళ్ళందరికీ భోజనాలు కూడా పెట్టించెస్తావేటి?" అన్నాడు బాబాయి. పిన్ని నవ్వలేదు.

పిల్లవాణ్ణి చూసుకోవడానికి బొబ్బిలి దగ్గర మా ఊరి నుంచి నన్ను పిలిపించారు. పొద్దున్నే వాణ్ణి చంకన వేసుకుని, మొక్కకు నీళ్ళు పోస్తూ పేరుపెట్టి పిలవడం నా పని. కొత్తచోట సిగ్గేసి మెల్లగా పిలిచేదాన్ని.

"గట్టిగా పిలవే. అది ఇనాల," అనేది పిన్ని.

ఏది వినాలో నేను అడగలేదు. కొన్నాళ్ళకు, పెరట్లో అడుగుపెట్టకముందే అక్కడ ఎవరో నాకోసం కాచుకుని ఉన్నట్టు అనిపించేది.

వాడికి ఏడాది నిండాక మొక్క మొగ్గ తొడిగింది. ఆ వారమే వాడికి జ్వరం వచ్చింది. డాక్టరు ఇచ్చిన మందు పనిచెయ్యలేదు. మొగ్గ లావెక్కేకొద్దీ వాడు చిక్కిపోయాడు.

పువ్వు విచ్చిన పొద్దున బాబాయి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అది ఎరుపూ కాదు, పసుపూ కాదు. కనురెప్ప లోపలి రంగు. పిన్ని పిల్లవాణ్ణి భుజాన వేసుకుని వచ్చింది. వాడి తల వేలాడుతోంది.

"మోసం సేసినామని దానికి తెలిసిపోనాది. ఆ మొక్కని దానికిచ్చెయ్," అంది.

"ఒక్కరోజు పువ్వే. సాయంత్రందాకా ఆగు."

"సాయంత్రందాకా ఈడుంటాడా?"

బాబాయి గునపం తెచ్చాడు. ఒక్క వేరూ తెగకుండా తవ్వి తీశాడు. పట్టాలవతల, ముందరి ఇద్దర్నీ పెట్టిన చోటే గుంట తీసి, పువ్వుతో సహా పడుకోబెట్టి మట్టి కప్పాడు. పసుపునీళ్ళు నేను చల్లాను.

ఆ సాయంత్రం జ్వరం తగ్గింది. వాడు పాలు తాగాడు. బాబాయి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వాడు కోలుకున్నాడు గానీ, పరదేశీ అంటే తిరిగి చూడటం మానేశాడు. ఎంత గట్టిగా పిలిచినా అంతే. జ్వరానికి చెవులు మందగించాయన్నాడు బాబాయి.

ఒక పొద్దున నీళ్ళ బిందెతో ఆ ఖాళీ చోటు దాటుతుంటే, అలవాటుగా నా నోట చిన్నారావు అని వచ్చింది. మెల్లగానే అన్నాను.

ఇంట్లోంచి వాడు "ఊఁ" అన్నాడు.

పిన్ని గుమ్మంలోకి వచ్చింది. మళ్ళీ పిలవమంది. పిలిచాను. వాడు దోగాడుతూ వచ్చి, నవ్వుతూ ఆమెవైపు చేతులు చాపాడు. పిన్ని ఎత్తుకోలేదు. పట్టాలవతలికి ఒకసారి, వాడి ముఖంలోకి ఒకసారి చూసింది.

అప్పటినుంచి పిన్ని వాణ్ణి ఏ పేరుతోనూ పిలవడం లేదు. అన్నం వేళకు పళ్ళెం మీద గరిటెతో తడుతుంది. వాడు వస్తాడు.