ఉప్పు ఆవిరి కాదు

ఎదురింటి టీచరమ్మ కింద అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడతో అందట. ఆవిడ దిండు గలీబులు ఇవ్వడానికి వచ్చి మా అత్తగారి చెవిన వేసింది. అత్తగారు ఇంకాస్త కలిపి నాకు వడ్డించారు. "పెళ్లాం ముచ్చటపడిందని సముద్రాన్నే ఇంటికి తెప్పించాడట మా వాడు. ఏం పుణ్యం చేసుకుందో, ఇంకేం కావాలి ఆడదానికి అని అందరూ ఒకటే చెప్పుకోవడమట."

ఆ పుణ్యాత్మురాలినైన నేను అప్పుడు నేలమీద చతికిలబడి, గాజుతొట్టి అంచున పేరుకున్న ఉప్పు పెచ్చుల్ని పాత టూత్‌బ్రష్‌తో గోకుతున్నాను. పక్కన రెండు బకెట్లు, ఒళ్లో తడిగుడ్డ. నడుం పట్టేసి లేవడానికి సోఫా చెయ్యి ఊతం కావలసి వచ్చింది.

నేనేమీ ముచ్చటపడలేదు. ఆయనే ఎవరో స్నేహితుడి ఇంట్లో చూసి మనసు పారేసుకుని వచ్చారు. నేను అడిగింది బట్టలుతికే మెషీను బాగుచేయించమని. పెళ్లిరోజున హాల్లో సముద్రపు చేపల తొట్టి దిగింది. "నీకే" అన్నారు. మెషీను ఇప్పటికీ బాల్కనీలో బట్టల బుట్టకి పీటగా పనికొస్తోంది.

నేను ఒక ల్యాబులో సీనియర్ టెక్నీషియన్ని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మనుషుల రక్తం, మనుషుల మూత్రం. "నీకు టెస్టులు అలవాటే కదా, మన ట్యాంకు నీళ్లు కూడా కాస్త చూస్తూ ఉండు" అన్నారాయన. కాస్త అన్న మాట మగవాళ్ల నోట్లో ఎంత చిన్నగా ఉంటుందో, ఆడవాళ్ల నెత్తిమీదకి వచ్చేసరికి అంత పెద్దదవుతుంది. నీళ్లు వడకట్టడం, ఉప్పు తూచి కలపడం, బకెట్లు మోయడం, బూజులా పట్టిన నాచు గీకడం, అన్నీ ఆ కాస్తలోకే వచ్చాయి.

మొదట్లో అందులో చేపలు లేవు. ఇసుక, రాళ్లు, ఉప్పునీళ్లు, మురగడానికి వేసిన ఒక చచ్చిన రొయ్యముక్క. అది కుళ్లి నీళ్లలో విషం పుడుతుంది, ఆ విషాన్ని తినే సూక్ష్మజీవులు రాళ్లలో మెల్లగా పుట్టుకొస్తాయి, అవి స్థిరపడేదాకా ప్రాణమున్నదేదీ అందులో వెయ్యకూడదు. నేను రోజూ సాయంత్రం గాజుగొట్టంలో మందు చుక్కలు వేసి రంగు చూసేదాన్ని. చూసి చూసి అత్తగారికి విసుగెత్తింది. "రాళ్లకి లైట్లేమిట్రా, హీటరేమిట్రా? కరెంటు వాళ్లకి అల్లుడివా నువ్వు?" అన్నారు. ఆయన ఎంత శాంతంగా చెప్పారో! "తొందరపడకూడదమ్మా. కొత్తది కదా. కుదురుకోవడానికి దానికి టైమివ్వాలి."

ఆ మాట అన్న మనిషి వంక చాలాసేపు చూశాను. నేను ఈ గుమ్మంలోకి వచ్చిన మర్నాడు, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా తెలియక ముందే, వంటింట్లో గిన్నెలు నా కోసం బారులు తీరి ఉన్నాయి. వచ్చిన చుట్టాలంతా పడుకుని లేచి టీ కోసం ఎదురుచూస్తున్నారు. చక్కెర డబ్బా అనుకుని ఉప్పు డబ్బా తీశాను. ఆ టీ సంగతి చుట్టాల్లో ఏళ్ల తరబడి నవ్వులాటగా తిరిగింది. అందరితోపాటు ఆయనా నవ్వారు.

నీళ్లు కుదురుకున్నాక ముందు నత్తలు వచ్చాయి. కొన్నాళ్లు ఆగి నారింజరంగు చారల చేపల జంట వచ్చింది. చేపల సంచీని నీళ్లమీద తేలేసి, సన్నటి గొట్టంతో తొట్టి నీళ్లని చుక్క చుక్కగా సంచీలోకి వదిలారు. ఆ సాయంత్రం హాల్లో లైటు వెయ్యనివ్వలేదు. "బెదిరిపోతాయి. కొత్తచోటు కదా పాపం" అన్నారు. చీకట్లో తడుముకుంటూ అన్నాలు పెట్టాను. ఆ తర్వాత చాన్నాళ్లకి ఎర్రగీతల రొయ్య, దాని తర్వాత మెత్తటి వేళ్లు ఊపే పగడం మొక్కలు. అవి మొక్కలు కావు, జీవాలే అని ఆయన అందరికీ చెప్పేవారు.

ఆయన స్నేహితులు వచ్చిన రోజున మాత్రం మన ట్యాంకు నా ట్యాంకు అయిపోయేది. "నా ట్యాంకులో నీళ్లు చూడు, అద్దం! అసలు పనంతా ఆ సూక్ష్మజీవులది. కంటికి కనపడవు, చప్పుడు చెయ్యవు. మురికంతా అవే తినేస్తాయి" అని వివరించేవారు. నేను ఖాళీ కప్పులు ఎత్తుకుంటూ వినేదాన్ని.

అలా ఉండగా ల్యాబు మేనేజరు పిలిచాడు. వేరే ఊళ్లో కొత్త బ్రాంచి, దానికి ఇన్‌చార్జి ఉద్యోగం. కళ్లు కంప్యూటర్లోనే పెట్టుకుని, "మీరు ఎలాగూ ఒప్పుకోరనుకోండి మేడమ్. అడగడం మా పద్ధతి" అన్నాడు. తప్పు అతనిది కాదు. ఇంతకుముందు రెండుసార్లు అడిగితే రెండుసార్లూ కాదన్నాను. మొదటిసారి పాప చిన్నది. "నువ్వు లేకపోతే పిల్ల బతకదు" అన్నారు ఆయన. రెండోసారి అత్తగారి మోకాలి ఆపరేషను. "నువ్వు లేకపోతే నేను బతకనే" అని నా చెయ్యి పట్టుకున్నారావిడ. రెండుసార్లూ ఆ మాటని నగలా మెడలో వేసుకుని మురిసిపోయాను. ఇప్పుడు పిల్ల హాస్టల్లో ఉంది, ఫోను చేస్తే "తర్వాత చేస్తాలే అమ్మా" అంటుంది. అత్తగారు మూడంతస్తుల మెట్లెక్కి కబుర్లు మోసుకొస్తున్నారు. ఈసారి ఏం అడ్డమొస్తుందా అని చూశాను. చేపలొచ్చాయి.

"ట్యాంకు సంగతేంటి మరి?" అన్నారాయన. జోకు కాదు, నిజంగానే అడిగారు.

ముందు వారం రోజుల ట్రైనింగు, ఆ తర్వాతే చేరడం. ట్రైనింగుకి వెళ్లొస్తానన్నాను. వెళ్లే ముందు ఆయనకి ఒక్కటే చెప్పాను. "రోజూ నీళ్లు కాస్త తగ్గుతాయి. వడకట్టిన మంచినీళ్లే పొయ్యండి. ఉప్పునీళ్లు పొయ్యకండి."

పక్కన స్నేహితుడున్నాడు. "సముద్రపు చేపలకి మంచినీళ్లట, విన్నావా?" అని ఆయన తొడ చరుచుకున్నారు.

"ఆవిరయ్యేది నీళ్లే. ఉప్పు ఆవిరి కాదు, లోపలే ఉంటుంది" అన్నాను.

"సరే సైంటిస్టు గారూ!" అన్నారు. ఇద్దరూ నవ్వారు.

ఆ ఊళ్లో నాకొక గది ఇచ్చారు. మంచం, బల్ల, కిటికీ. సాయంత్రం వచ్చి కూర్చుంటే చేతులకి ఏం చెయ్యాలో తోచలేదు. పని లేక ఖాళీగా ఉన్న ఆ చేతుల్ని చూస్తుంటే మాటలన్నీ పైకి తేలాయి. ఉప్పు టీ నవ్వు. ఆడపిల్ల పుట్టినప్పుడు ఆసుపత్రిలో అత్తగారు మొహం గోడవైపు తిప్పుకుని "పోనీలే" అనడం. నా జీతంతో కొన్న సోఫాలో కూర్చుని ఆయన "ఆవిడది టైంపాస్ ఉద్యోగం" అని ఎవరికో చెప్పడం. మర్చిపోయాననే అనుకున్నాను. ఏళ్లు ఆవిరైపోయాయి, నేను పలచబడ్డాను, మాటలు మాత్రం గింజ తగ్గకుండా అడుగున అలాగే ఉన్నాయి. పైనుంచి ప్రతిరోజూ మళ్లీ ఉప్పునీళ్లే పోశారు. ఇంతకాలం నేనెలా బతికానో నాకే తెలియలేదు. ఆ వారం హాయిగా నిద్రపోయాను. ఆ సంగతికే ఎక్కువ భయమేసింది.

తిరిగొచ్చేసరికి తొట్టి చుట్టూ మనుషులు. ఎదురింటి టీచరమ్మ కూడా పరామర్శకి వచ్చి కూర్చుంది. ఆయన రోజూ ఉప్పునీళ్లు పోశారు. చేపలు మందకొడిగా ఉన్నాయని, ఉప్పు చాలలేదేమోనని, గుప్పెళ్లతో పొడి ఉప్పు కూడా చల్లారు. రొయ్య తెల్లబడి ఇసుకలో పడి ఉంది. పగడాలు ముడుచుకుపోయాయి. చేపల్లో ఒకటి పైకి తేలింది, రెండోది రాతి మూల ఒరిగి రొప్పుతోంది.

"ఇంత జరుగుతుందని నువ్వు గట్టిగా చెప్పాలి కదా!" అన్నారాయన.

"చెప్పాను. నవ్వారు."

టీచరమ్మ నేల చూపులు చూసింది. అత్తగారు కలగజేసుకుని నా చెయ్యి పట్టుకున్నారు. ఆ చేతి పట్టు నాకు తెలిసిందే. గొంతులో తేనె పోసుకుని, "వాడి మాటలకేంలే. చూశావుగా, నువ్వు లేకపోతే ఈ ఇంట్లో ఒక్కటీ బతకదే తల్లీ" అన్నారు.

"అదే నేననేది" అని ఆయన తెరిపిన పడ్డారు. "ఆ ఉద్యోగం కుదరదని రేపే చెప్పెయ్. ముందు ఈ నీళ్లు మార్చు."

నా చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాను. బ్యాగు ఇంకా భుజం మీదే ఉంది.

"అయితే చావనివ్వండి. నేను ఒకటో తారీఖున చేరుతున్నాను."